తెనాలి నుంచి రేపల్లె మీదుగా బాపట్ల: ఒక తలుపు చూడటానికి

అరుణ చివరి రోజు మంగళవారం. ముందు రాత్రి నుంచి చలిజ్వరం. ఉదయం ఇడ్లీ వద్దంది, మజ్జిగ కొంచెం తాగింది. పది గంటల ప్రాంతంలో ఫోనులో ఎవరితోనో మాట్లాడింది. గొంతు మామూలుగానే ఉంది. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తానికి పాకిందని డాక్టరు చెప్పారు. ఆ ఇన్ఫెక్షన్ ఆమెకి కొత్త కాదు. అంతకుముందు చాలాసార్లు వచ్చి తగ్గింది. ఈసారి తగ్గలేదు. వీధిలో లైట్లు వెలిగే వేళకి ఆమె లేదు.

ఈ పేజీని ఎప్పటినుంచో చదివేవాళ్ళకి అరుణ తెలుసు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. వెన్నెముక ఆపరేషన్ తర్వాత నా భార్యకి నడుము కింద స్పర్శ పోయింది. అప్పటి నుంచి చక్రాల కుర్చీ. మాది తెనాలి. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు నేనొక్కణ్ణే వెళ్ళి మెట్లు, వాలు, తలుపులు చూసి రావాలి. పనికొస్తుందంటేనే ఆమె బయలుదేరేది. చూసొచ్చినవి ఇక్కడ రాసేవాళ్ళం. ఆమె చెప్పేది, నేను టైపు చేసేవాణ్ణి. ఆమె మాటల్లో నవ్వు ఉండేది. నాకు అది రాదు. ఇకమీదట రాతలు ఇలాగే ఉంటాయి.

ఆ రోజు ఫోనులో మాట్లాడింది గ్రేసితో. రేపల్లె దగ్గర నగరం అనే ఊరు దాటాక కాలవ పక్కన ఒక పల్లెలో ఉంటుంది. ఎమ్మెస్సీ లెక్కలు. ఆటో తిరగబడి నడుము దెబ్బతింది. మంచం దిగి కుర్చీలోకి ఎలా మారాలో, పుండ్లు పడకుండా ఎలా చూసుకోవాలో ఫోనులోనే నేర్పింది అరుణ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. బాపట్లలో ఒక ప్రైవేటు స్కూలుకి దరఖాస్తు పెట్టానని ఆ రోజు గ్రేసి చెప్పిందట. ‘ఉద్యోగం వస్తే చెప్పు. నువ్వు చేరకముందే మా ఆయన వచ్చి చూస్తారు’ అందట అరుణ. పోయిన వారం గ్రేసి నాకు ఫోను చేసింది. ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. స్కూల్లో ర్యాంపు ఉంది, గది కిందే, పిన్ని ఇల్లు పక్క వీధిలో ఉంది. అయినా భయంగా ఉందంది. నిన్న శుక్రవారం మళ్ళీ మాట్లాడుకుని, ఈ రోజు బయలుదేరాను.

తెనాలి నుంచి రేపల్లెకి ఉదయం ప్యాసింజరు ఉంది. టికెట్టు ఒక టీ ఖరీదు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా గంట పైనే పడుతుంది. దివ్యాంగుల పెట్టె ఉంటుంది కానీ, నేను ఎక్కినప్పుడు అందులో ఆకుకూరల గంపలు ఉన్నాయి. వాటి పక్కనే నిలబడ్డాను. ప్లాట్‌ఫారానికీ పెట్టె గుమ్మానికీ మధ్య ఎత్తు ఎక్కువ. మనిషిని కుర్చీతో సహా ఎక్కించడానికి ఇద్దరు కావాలి. రేపల్లె చివరి స్టేషను కాబట్టి అక్కడ తొందర లేదు, బండి ఆగే ఉంటుంది. దింపుకోవడానికి సమయం దొరుకుతుంది.

నా చేతిలో వెదురు కర్ర ఉంది. గంపల దగ్గర కూర్చున్నావిడ దాన్నే చూస్తోంది.

“ఏంటి బాబాయ్ ఆ కర్ర? పాముల్ని కొట్టటానికా?”

“తలుపులు కొలవటానికమ్మా.”

“మేస్త్రీవా?”

“కాదు.”

“మరి తలుపులు కొలిచి ఏం చేత్తావ్?”

“కుర్చీ పడుతుందో లేదో చూస్తాను.”

“ఓహో, కుర్చీల యాపారం,” అంటూ గోంగూర కట్టలు సర్దుకుంది. అమ్మకానికి టేకు కుర్చీ ఉందా అని భట్టిప్రోలులో అడిగింది. లేదని చెప్పాను.

ఆ కర్ర సంగతి తెలిస్తే మీకూ పనికొస్తుంది. టేపుతో కొలిస్తే అంకెలు గుర్తుండవు, తప్పు చదువుతాం. అందుకని అరుణ తన కుర్చీకి సరిపడా ఒక కర్ర కోయించింది. గుమ్మంలో అడ్డంగా పెడితే పట్టిందో లేదో తెలిసిపోతుంది. అయితే కర్ర కోసేటప్పుడు కొలవాల్సింది కుర్చీ ఒక్కదాన్నే కాదు. చక్రం మీద చేతులు పెట్టి తిప్పేటప్పుడు పిడికిళ్ళు బయటికి వస్తాయి. వాటి దాకా కొలవాలి. లేకపోతే కుర్చీ పడుతుంది, వేళ్ళు చీరుకుపోతాయి.

రేపల్లెలో దిగి టిఫిన్ చేసి, నగరం వెళ్ళే బస్సు ఎక్కాను. అక్కడి నుంచి షేరాటో. గ్రేసి ఇల్లు రెండు గదుల డాబా. గుమ్మానికి మెట్టు లేదు, మట్టి ఎత్తు చేసి సిమెంటు పూశారు. వాళ్ళ నాన్న దానియేలు గారు వ్యవసాయ కూలీ. ఆ వాలు ఆయనే కట్టారు, బాగా కట్టారు. గోడ మీద యేసు బొమ్మ క్యాలెండరు, కింద గ్రేసి ట్యూషన్ పిల్లల చిన్న బోర్డు. వాళ్ళమ్మ కాఫీ తెచ్చింది. గ్రేసి తీసుకోలేదు. నేను చూశాను. 

గ్రేసి పిడికిళ్ళు పెద్దవి. అరుణ కర్ర పెట్టి చూస్తే చాలలేదు.

“దీనికే ఓ ముక్క కడదామా సార్?” అన్నారు దానియేలు గారు.

వద్దన్నాను. పెరట్లో సుబాబుల్ కొమ్మ కొట్టి కొత్తది చేశారు. పాతది సంచిలో పెట్టుకున్నాను.

నగరం నుంచి బాపట్లకి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బస్సులున్నాయి. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు. ఆ మాట అంటే గ్రేసి నవ్వింది. “ఉచితమేనండి బాబాయ్ గారూ. మొదటి మెట్టు నా గుండెల దాకా ఉంటది, అదొక్కటే ఇబ్బంది.” అందుకని ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ పద్నాలుగు వందలు. కుర్చీ మడతపెట్టి వెనక పెట్టుకోవచ్చు. డ్రైవరు శీను కుర్చీని తాడుతో కట్టే లోపలే దానియేలు గారు కూతుర్ని రెండు చేతులా ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. ఆమె చేతులు ఆయన మెడ చుట్టూ అలవాటుగా పడ్డాయి. లేచాక ఆయన మోకాలు పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

“చూశారా, నొప్పని చెప్పడు,” అంది గ్రేసి.

“బియ్యం బస్తాలు మోసినోణ్ణి. నువ్వెంత?”

“బస్తా పెళ్ళీడుకి రాదుగా నాన్నా.”

శీను పగలబడి నవ్వాడు. దానియేలు గారు కూడా నవ్వారు. రోడ్డు పక్క వరి కోతకి వచ్చింది. కొన్నిచోట్ల పంట తారు మీదే ఆరబోశారు, ఆటో మెల్లగా పోవాల్సి వచ్చింది.

చెరుకుపల్లిలో టీ కోసం ఆగాం. గ్రేసి ఆటోలోనే ఉండి వద్దంది. నేను నీళ్ళ సీసా ఇచ్చాను, అదీ వద్దంది.

“పొద్దున్నుంచీ ఏం తాగలేదండి,” అన్నారు దానియేలు గారు టీ ఊదుకుంటూ. “మా పిల్లకి అదో అలవాటు. బయటికెళ్ళే రోజు దాహమే ఎయ్యదు.”

ఎండ బాగా ఉంది. ఆమె పెదవులు పొడిబారి ఉన్నాయి. దాహం వేస్తుంది. అరుణకీ వేసేది. ప్రయాణం ఉందంటే ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేసేది. దారిలో ఒంటికి వెళ్ళడానికి చోటు ఉండదు కాబట్టి. డాక్టర్లు ప్రతిసారీ ఒకటే చెప్పేవాళ్ళు, నీళ్ళు బాగా తాగాలమ్మా అని. ఆమె తల ఊపేది. ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరితే వారానికి ఆరు రోజులు ఇలాగే ఉంటుంది. కర్లపాలెం దాకా నేను అదే ఆలోచించాను.

బాపట్లలో స్కూలు రైల్వే స్టేషనుకి ఆటోలో పది నిమిషాల దూరం. మేడ, ముందు వరండా. కరస్పాండెంటు సుబ్బారావు గారు గేటు దాకా వచ్చారు. శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయారు. ర్యాంపు మీద రెండు బైకులు ఉన్నాయి. ఆయన నొచ్చుకుని, “ఎవడ్రా ఇక్కడ పెట్టింది?” అని అరిచి, తనే ఒకదాన్ని తోసి పక్కన పెట్టారు. రెండోది ఆయనదే.

ర్యాంపు నిటారుగా ఉంది. దానియేలు గారు కుర్చీ వెనక చెయ్యి వేశారు.

“నాన్నా, చెయ్యి తియ్యి.”

ఆయన తీశారు. గ్రేసి ముందుకి వంగి, ఆగి ఆగి, ఎక్కింది. పైన ఊపిరి తీసుకుని, “ఎక్కొచ్చు సార్. వానకి జారుద్దేమో,” అంది. గీతలు కొట్టించి గరుకు చేయిస్తానని సుబ్బారావు గారు వెంటనే ఒప్పుకున్నారు. మంచి మనిషి. గది చూపించారు. బోర్డు కిందికి దింపించారు. టేబుల్ కిందికి కుర్చీ దూరేలా అడ్డకర్ర తీయించారు. “నెట్లో చూసి మరీ చేయించానమ్మా. ఇంకేం కావాలో చెప్పు, మొహమాటపడకు.”

“ఏం వద్దండి. బాగుంది,” అంది గ్రేసి.

దానియేలు గారు రెండు చేతులూ జోడించారు. సుబ్బారావు గారు సంతోషంగా నిలబడ్డారు. వరండాలో ముగ్గురు మగవాళ్ళం, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి నేల చూస్తోంది. తండ్రి ముందు, కొత్త యజమాని ముందు ఆ మాట ఆమె అనదు. తండ్రికి అది తట్టదు. సుబ్బారావు గారు అడగడం మర్యాద కాదు. ఇలాంటి చోట అరుణ గేటులోనే అడిగేసేది, పెళ్ళిళ్ళలో అయినా సరే, పెద్ద గొంతుతో. పక్కన నేను గోడల వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు.

“బాత్రూం చూపించండి,” అన్నాను.

“మీకాండి? స్టాఫ్‌ది మేడ మీద ఉంది, రండి.”

“నాక్కాదండి. గ్రేసికి.”

 దానియేలు గారు రోడ్డు వైపు తిరిగారు. సుబ్బారావు గారు గొంతు సవరించుకుని, “ఉందండి, ఉంది. ప్రత్యేకంగా కట్టించాం. కోటమ్మా! తాళం పట్రా!” అని కేకేశారు.

కోటమ్మ స్కూలు ఆయా. అరవై ఉంటాయి. తాళాల గుత్తితో వచ్చి, గ్రేసిని చూసి, “లెక్కల మేడంగారు ఈవిడేనా? చిన్నపిల్లగా ఉందే,” అంది. వరండా చివర తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ అంటించి ఉంది. పెద్ద తాళం వేసి ఉంది.

“తాళం ఎందుకమ్మా?” అన్నాను.

“తీసి పెడితే పిల్లకాయలు పాడు చేత్తారుగా. ఇనస్పెక్షనోళ్ళు వచ్చినప్పుడు తీత్తాం. ఇప్పటిదాకా ఒక్కళ్ళు ఎళ్ళలేదు, దేవుడి గదిలా ఉంచాను. రోజూ కడుగుతా.”

నిజంగానే మెరుస్తోంది. కొత్త టైల్స్. గోడకి స్టీలు కడ్డీలు, సరైన ఎత్తులో. కమోడ్ మీద షాపువాళ్ళ ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. గుమ్మంలో సుబాబుల్ కర్ర అడ్డంగా పెట్టాను. పట్టింది. సుబ్బారావు గారి ముఖం వెలిగింది.

గ్రేసి లోపలికి వెళ్ళింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. వేయబోతే కుర్చీ వెనక చక్రానికి కొట్టుకుని ఆగిపోయింది. ఆమె పక్కకి జరిగింది, కొట్టుకుంది. గోడ దాకా జరిగింది. తలుపు సగం దాకా వచ్చి ఆగింది. ఎన్ని రకాలుగా తిప్పినా కుర్చీ లోపల ఉంటే తలుపు పడదు. గడియ చూస్తే తలుపు పైన, నిలబడ్డవాళ్ళ చేతికి అందేచోట ఉంది.

“తలుపు పడకపోతే ఏంటండి?” అన్నారు సుబ్బారావు గారు, నా వైపు చూసి, ఆమె వైపు చూడకుండా. “కోటమ్మ బయట నిలబడుద్ది.”

“నిలబడతానండి, నాకేం? చీపురుచ్చుకుని నిలబడితే ఒక్కడు రాడు ఇటేపు.”

లోపల్నుంచి గ్రేసి గొంతు వినిపించింది. “నువ్వు రాని రోజు, పెద్దమ్మా?”

“నేను రాని రోజేంటే? నాకు సెలవిచ్చిందెవరు?” అని కోటమ్మ సుబ్బారావు గారిని ఓరగా చూసింది. నవ్వుతూనే అంది కానీ, తను రాని రోజూ ఉండొచ్చని తట్టినట్టుంది, ఆ నవ్వు ఆగిపోయింది.

గ్రేసి కుర్చీ వెనక్కి తిప్పుకుని గుమ్మంలోకి వచ్చింది. “తలుపు మూసుకోవాలి సార్. గడియ పెట్టుకోవాలి. ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చి, గడియ కిందికి పెట్టిస్తే సోమవారం వచ్చి చేరతాను. లేకపోతే రానండి.”

ఆమె చేతులు చక్రాల మీద బిగుసుకుని ఉన్నాయి. ఈ ఉద్యోగం కోసం ఆమె ఎంత కాలం చూసిందో నాకు తెలుసు. దానియేలు గారికి ఇంకా బాగా తెలుసు. ఆయన రోడ్డు వైపు నుంచి ఇటు తిరిగారు.

“అందుకా అమ్మా, నువ్వు నీళ్ళు తాగనిది?”

“అందుకే నాన్నా.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

కోటమ్మ కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి గ్రేసి చేతిలో పెట్టింది. గ్రేసి గ్లాసు పట్టుకుని, ఇంకా తెరిచే ఉన్న ఆ తలుపు వైపు చూసి, తిరిగి ఇచ్చేసింది. “సోమవారం తాగుతాను పెద్దమ్మా.”

సుబ్బారావు గారు చేయిస్తానన్నారు. అయితే స్కూలు పనులు చేసే వడ్రంగి తన కూతురి పెళ్ళి పనుల్లో ఉన్నాడు, పది రోజులు రాడు. పదో తరగతికి లెక్కలు ఆగిపోయాయి, సోమవారం ఎవరో ఒకరు పాఠం చెప్పాలి. ఇంకొకాయన కూడా ఈ ఉద్యోగం అడుగుతున్నాడని కొంచెం ఇబ్బందిగా చెప్పారు. అది బెదిరింపు కాదు, ఆయన అవసరం. నేను వరండా చివరికి వెళ్ళి తెనాలిలో బ్రహ్మానికి ఫోను చేశాను. మా వీధి వడ్రంగి.

“రేపు ఆదివారమండీ,” అన్నాడు. తర్వాత, “తలుపు చెక్కదా, ప్లాస్టిక్‌దా?”

“చెక్కదే.”

“ద్వారబంధం?”

“అదీ చెక్కే.”

“మడతబందులు అటువి ఇటు మార్చి, కొంచెం చెక్కితే సరిపోద్ది. ఒక పూట. వస్తానులెండి.”

గోడ వైపుకి పూర్తిగా తెరుచుకుంటే వరండాలో పిల్లలకి తగలదని కోటమ్మ చేత్తో చూపించింది. ఆదివారం తాళాలతో తనే ఉంటానంది. రేపు ఆరాధన ఉందని దానియేలు గారు నసిగితే, “మొదటి ఆరాధనకెళ్ళి వద్దాం నాన్నా,” అంది గ్రేసి. శీను తనకీ రేపు ఖాళీయేనని చెప్పాడు. ఎవరూ అడగలేదు.

వాళ్ళు ఆటోలో నగరం వెళ్ళారు. నేను బాపట్ల స్టేషనుకి వచ్చాను. ఇది మెయిన్ లైను, తెనాలికి బండ్లు తరచూ ఉంటాయి. నిడుబ్రోలు మీదుగా గంట లోపే. కానీ బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే. కుర్చీతో వచ్చేవాళ్ళు ముందుగా స్టేషను మాస్టరుకి చెప్పి, పెట్టె ఎక్కడ ఆగుతుందో కనుక్కుని అక్కడే నిలబడాలి. వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్టు బస్సు పాసుకి పనికొస్తుంది. రైల్వే రాయితీకి వేరే కార్డు తీసుకోవాలి, ఆలస్యమవుతుంది, ముందే పెట్టుకోండి. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. పొన్నూరు దాటాక చీకటి పడింది. ఈ పేజీకి ఏం రాయాలో మనసులో అనుకున్నాను. ఆమె అయితే ఎలా చెప్పేదో ఊహించడానికి ప్రయత్నించాను. రాలేదు. జరిగింది జరిగినట్టు రాశాను.

ర్యాంపు గురించి అందరూ మాట్లాడతారు. రోడ్డు మీదికి కనిపిస్తుంది, కట్టించినవాడికి పేరు వస్తుంది, ఎక్కించినవాడికి తృప్తి. వరండా చివర ఉండే గది గురించి ఎవరూ మాట్లాడరు. మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద భారం దాహంగా కుర్చీలో ఉన్నవాళ్ళ మీద పడుతుంది. ఈ రోజు నేను కలిసినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరు కూడా లేరు. డబ్బు ఖర్చు పెట్టారు, మోశారు, కడిగారు, కాపలా నిలబడతామన్నారు. అడగడం ఒక్కటే ఎవరికీ చేతకాలేదు. నాక్కూడా అడగడానికి ఇన్నేళ్ళు అవసరం రాలేదు, అడిగే మనిషి పక్కనే ఉండేది. అడిగాక తెలిసింది, అది రెండు మాటలే.

మీరు మీవాళ్ళ కోసం ముందుగా ఎక్కడికైనా చూడటానికి వెళ్తే, గుమ్మం వెడల్పు కొలిచి వచ్చేయకండి. మడత కుర్చీ ఒకటి తీసుకెళ్ళి, దానిలో కూర్చుని లోపలికి వెళ్ళి, తలుపు మూసి, గడియ పెట్టి, మళ్ళీ తీసుకుని బయటికి రండి. అలా వచ్చాకే పనికొస్తుందని చెప్పండి.

రేపు ఉదయం మొదటి బండికి బ్రహ్మంతో కలిసి బాపట్ల వెళ్తున్నాను. మధ్యాహ్నానికి తలుపు బయటికి తిరుగుతుంది. గ్రేసి లోపలికి వెళ్ళి, గడియ ఎంత ఎత్తులో ఉండాలో తన చెయ్యి పెట్టి చూపిస్తుంది. బ్రహ్మం అక్కడ గుర్తు గీసి బిగిస్తాడు. తర్వాత ఆమె ఒక్కతే లోపల ఉండి తలుపు మూసుకుని చూసుకుంటుంది. అప్పుడు దానియేలు గారినీ, సుబ్బారావు గారినీ, చీపురుతో సహా కోటమ్మనీ తీసుకుని నేను గేటు బయటికి వెళ్ళి నిలబడతాను.